స్విఫ్ట్ ధరకు జర్మన్ బండి వస్తుంటే కొనొచ్చా?

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. 2014 మోడల్ బీఎండబ్ల్యూ 520డి, ఢిల్లీ నంబరు, మీటరు మీద 92 వేల కిలోమీటర్లు, అడుగుతున్నది 8 లక్షల 75 వేలు. అదే డబ్బుకు కొత్త స్విఫ్ట్ వస్తుంది, నాన్నగారు అదే తీసుకోమంటున్నారు, నీ మనసు మాత్రం ఈ బండి మీదే ఉంది. పర్సనల్ లోన్ ఈఎంఐ పోను నెలకు 25 వేలు చేతిలో మిగులుతాయి, బండి మెయింటెనెన్స్‌కి సరిపోతాయా అని అడిగావు. వయసులో చిన్నవాడివి కాబట్టి చనువుగా నువ్వు అనే రాస్తున్నాను. నేను 2005 నుంచి ఈ బళ్ల కిందే బతుకుతున్నాను. మొదటి తొమ్మిదేళ్లు కంపెనీ వర్క్‌షాప్‌లో, ఆ తర్వాత హైదరాబాద్‌లో సొంత షెడ్డులో.

ముందు జవాబు చెప్పేస్తాను. ఈ బండి వద్దు, ఈ లెక్కతో వద్దు. అసలు ఇలాంటి బండే కొనకూడదని మాత్రం అనను. నీకెందుకంత ఇష్టమో నాకు బాగా తెలుసు. ఔటర్ రింగ్ రోడ్డు మీద వంద దాటాక ఆ బండి రోడ్డును పట్టుకునే తీరు, తలుపు వేసినప్పుడు వచ్చే ఆ బరువైన చప్పుడు, అవన్నీ నిజమే. ఇన్నేళ్లు చేసినా ఆ ఇంజనీరింగ్ మీద నాకు గౌరవం తగ్గలేదు. కానీ అది నీ ఇంట్లో అప్పుగా మారకూడదు.

అసలు చిక్కు ఒక్క మాటలో ఇదీ. ఏళ్లు గడిచేకొద్దీ బండి ధర పడిపోతుంది, దాని స్పేర్ల ధర పడదు. కొత్తప్పుడు ఆన్‌రోడ్ అర కోటి పలికిన బండి అది. ఈ రోజు నీకు ఎనిమిది ముప్పావుకు వస్తోంది. దాని బ్రేక్ డిస్కుకు మాత్రం నువ్వు ఎంతకు కొన్నావో తెలియదు. కౌంటర్‌లో ఇచ్చే బిల్లు ఇప్పటికీ అర కోటి బండి బిల్లే. లేబరూ అంతే. కాబట్టి మెయింటెనెన్స్ లెక్క వేసేటప్పుడు స్విఫ్ట్‌ను పక్కన పెట్టుకోకు, ఈ 520డి ఏ వరుసలోదో ఆ కొత్త బీఎండబ్ల్యూ 5 సిరీస్‌ను పక్కన పెట్టుకో.

ఇప్పుడు ఒక పని చేద్దాం. బండిలో ఏదీ చెడిపోలేదనే అనుకుందాం. ఇంజన్ బాగుంది, గేర్‌బాక్స్ బాగుంది, అమ్మేవాడు నిజాయితీపరుడు. అయినా పన్నెండేళ్ల వయసుకు దగ్గరపడిన బండిలో, ఇన్నాళ్లూ ఓనర్లు ఒకరి నెత్తిన ఒకరు వాయిదా వేసుకుంటూ వచ్చిన పనులు కొన్ని ఉంటాయి. పంక్చరైనా కొంత దూరం నడిచే 18 అంగుళాల రన్‌ఫ్లాట్ టైర్లు నాలుగు, సుమారు లక్ష. ఏజీఎం రకం బ్యాటరీ, దాన్ని బండి కంప్యూటర్‌లో నమోదు చేసే కోడింగ్‌తో కలిపి 30 వేలు. గేర్‌బాక్స్ ఆయిలు, ఫిల్టరు 50 వేలు. ముందు చక్రాలను పట్టి ఉంచే కంట్రోల్ ఆర్మ్‌లు, వాటి రబ్బరు బుష్‌లు 60 వేలు. డిస్కులు, ప్యాడ్లు నాలుగు చక్రాలకూ 80 వేలు. కూలెంట్ ట్యాంకు, హోసులు, థర్మోస్టాట్ 40 వేలు. ఇంజన్ మౌంటింగులు 45 వేలు. ఆయిల్ లీకులు ఆపడానికి గ్యాస్కెట్లు 30 వేలు. నా షెడ్డులో వేసే బిల్లుల నుంచి, కంపెనీ డబ్బా కాకుండా నమ్మకమైన బయటి స్పేర్లతో వేసిన లెక్క ఇది. మొత్తం 4 లక్షల 35 వేలు. కంపెనీ సర్వీస్‌లో అయితే ఇంకా పెరుగుతుంది. ఇవన్నీ మొదటి రోజే రావు, కానీ చాలావరకు మొదటి పదిహేను నెలల్లోనే ఒకదాని వెనక ఒకటి వస్తాయి. నీ 25 వేలు ఏడాదికి మూడు లక్షలు. డీజిలు, ఇన్సూరెన్స్ కూడా ఆ మూడు లక్షల్లోంచే పోవాలి.

అన్నీ ఒకేసారి ఎందుకు వస్తాయని చాలామంది అడుగుతారు. బండిలో ఉన్న రబ్బరు, ప్లాస్టిక్ అంతా ఒకే ఏడాది పుట్టింది. పదకొండు వేసవులు ఒకే వేడిలో మగ్గింది. కిలోమీటర్లు తక్కువ తిరిగినా ఈ వయసు తగ్గదు. మన దగ్గర మే నెలలో బానెట్ కింద ప్లాస్టిక్ ఎలా అవుతుందో చూడాలంటే పదేళ్లు దాటిన బండి రేడియేటర్ హోసు తీసి చూడు. హోసు చివర ఉండే ప్లాస్టిక్ ముక్కు బయటికి నల్లగా నిగనిగలాడుతూ బాగానే కనిపిస్తుంది. క్లిప్పు లాగి వేలితో కొంచెం నొక్కితే టీలో ముంచే బిస్కెట్‌లా పుటుక్కున విరుగుతుంది. చేతిలో విరిగితే అదృష్టం. సూర్యాపేట దగ్గర హైవే మీద విరిగితే కూలెంట్ మొత్తం రెండు నిమిషాల్లో రోడ్డు పాలు. అప్పుడు ఎర్ర లైటు చూసి బండి ఆపినవాడికి పది వేల లోపు పని. ఇంకెంత, ఐదు కిలోమీటర్లలో పెట్రోల్ బంకు ఉందిగా అని తోలినవాడికి సిలిండర్ హెడ్ వంగుతుంది. అల్యూమినియం హెడ్ వేడికి వంగిందంటే లక్షల్లోకి వెళ్లినట్టే.

గేర్‌బాక్స్ గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే అందరూ మోసపోయేది ఇక్కడే. ఆ బండిలో ఉన్నది జడ్ఎఫ్ కంపెనీ 8 స్పీడ్ ఆటోమేటిక్. చాలా మంచి గేర్‌బాక్స్. కార్ల కంపెనీ దాని ఆయిలును లైఫ్‌టైమ్ ఆయిల్ అంటుంది, అంటే మార్చనక్కర్లేదని. ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జడ్ఎఫ్ మాత్రం 80 వేల నుంచి లక్షా 20 వేల కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకు మార్చమంటుంది. ఎవరి మాట వినాలి? తయారు చేసినవాడి మాటే. దాని కింద ఉండే ఆయిల్ పాన్ ప్లాస్టిక్‌ది, ఫిల్టరు దానిలోనే అతుక్కుని ఉంటుంది, కాబట్టి ఫిల్టరు మార్చాలంటే పాన్ మొత్తం మార్చాల్సిందే. ఆయిల్ పోశాక ఇంజన్ నడుస్తూ ఉండగా, గేర్‌బాక్స్ ఆయిలు సుమారు 40 డిగ్రీల వేడి దగ్గర ఉన్నప్పుడు బండి కంప్యూటర్‌ను చదివే స్కానర్‌లో చూస్తూ లెవెల్ కట్టాలి. ఆ ఓపిక లేని చోట చేయిస్తే మార్చకపోవడమే నయం అనిపించేలా తయారవుతుంది. ఈ 50 వేలు మిగుల్చుకుని జర్క్ మొదలయ్యాక వచ్చేవాళ్లు నెలకు ఒకరైనా ఉంటారు. అప్పటికి లోపల క్లచ్ ప్లేట్లు, వాల్వ్ బాడీ దెబ్బతిని ఉంటాయి. రిపేరు రెండు లక్షల పైమాటే. నీకు అమ్మేవాడు గేర్‌బాక్స్ ఆయిల్ మార్చిన బిల్లు చూపించలేకపోతే మార్చలేదనే అర్థం.

ఇంజన్ విషయం. బీఎండబ్ల్యూ నాలుగు సిలిండర్ల డీజిల్‌లో ఎన్47 అనే ఇంజన్ ఒకటుంది. వాల్వులను సమయానికి ఆడించే టైమింగ్ చైన్ దానికి ఇంజన్ వెనకాల, గేర్‌బాక్స్ వైపు ఉంటుంది. చైన్ అరిగి తెగిన కేసులు ప్రపంచమంతా వచ్చాయి, 2011కి ముందు తయారైన వాటిలో మరీ ఎక్కువ. తర్వాత దాని స్థానంలో బి47 వచ్చింది. నువ్వు చూసిన బండిలో ఏది ఉందో ఛాసిస్ నంబరు ఇచ్చి కంపెనీ సర్వీస్‌లో అడుగు, చెబుతారు. చైన్ వెనక ఉండటం వల్ల దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్ అయినా దింపాలి, ఇంజన్ అయినా దింపాలి. చైన్ సామాను కంటే దాని దగ్గరకు వెళ్లే దారికే ఎక్కువ ఖర్చు. లక్షన్నర నుంచి రెండున్నర లక్షల మధ్య చెబుతారు. చైన్ తెగాక అయితే ఇంజనే మార్చాలి. ఇంకో జర్మన్ కంపెనీ డీజిల్ తీసుకుంటే ఈ బాధ ఉండదనుకోకు. మెర్సిడెస్ ఓఎం651 డీజిల్ ఇంజన్‌కు కూడా చైన్ వెనకాలే ఉంటుంది.

రెండో ఆప్షన్‌గా 2012 మెర్సిడెస్ ఎస్-క్లాస్ రాశావు. అది ఇంకా తక్కువకు, ఏడున్నరకే వస్తోందని సంతోషపడ్డావు. ఎందుకంత తక్కువో చెబుతాను. ఆ బండికి స్ప్రింగులుండవు, గాలి సంచుల మీద నిలబడుతుంది. ఆ రబ్బరు సంచులు సుమారు ఎనిమిది, పదేళ్లకు పగుళ్లు తేలతాయి. ఇలా గాలి సంచుల మీద నిలబడే పెద్ద సెడాన్ ఒకటి, ఏ కంపెనీదో అనవసరం, రెండేళ్ల కిందట నా దగ్గరకు వచ్చింది. ఓనరు రాత్రి పెట్టినప్పుడు బాగానే ఉంది. పొద్దున్నే వచ్చి చూస్తే ముందు ఎడమ మూల కూర్చుని ఉంది, చక్రానికీ ఫెండర్‌కీ మధ్య రెండు వేళ్లు కూడా పట్టవు. స్టార్ట్ చేయగానే కంప్రెసర్ గుర్రుమంటూ గాలి నింపింది, బండి లేచింది. లేచింది కదా అని ఆయన నాలుగు నెలలు అలాగే తిప్పారు. ఆ నాలుగు నెలలూ కంప్రెసర్ ఆగకుండా పనిచేసి కాలిపోయింది. సంచి ఒక్కటి మార్చాల్సిన చోట సంచి, కంప్రెసర్, రిలే, వాల్వ్ బ్లాక్ మార్చాం. బిల్లు చూసి ఆయన ఏమీ అనలేదు, కాసేపు కుర్చీలో కూర్చుని నీళ్లు తాగి వెళ్లారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఇంకొకటి చెబుతాను, ఇది అందరూ చిన్న విషయం అనుకుంటారు. సన్‌రూఫ్. అద్దం చుట్టూ పడిన వాన నీళ్లు పోవడానికి నాలుగు మూలలా నాలుగు సన్నని గొట్టాలుంటాయి, పెన్ను రీఫిల్ కంటే కొంచెం లావు. మన కాలనీల్లో నీడ కోసం బండిని కానుగ చెట్టు కింద పెడతాం. ఏప్రిల్‌లో పూత అంతా రాలి ఆ గొట్టాల్లోకి చేరి, దుమ్ముతో కలిసి మట్టి బిరడాలా గట్టిపడుతుంది. ఎండాకాలమంతా ఏమీ తెలియదు. జూలైలో మొదటి గట్టి వాన పడగానే నీళ్లు గొట్టంలోకి పోలేక పక్కకు పొంగి, పైకప్పు లోపలి నుంచి దిగి, కార్పెట్ కిందో డిక్కీ అడుగునో చేరతాయి. కార్పెట్ కింద రెండంగుళాల స్పాంజి ఉంటుంది కాబట్టి పైకి తడి తెలియదు. నిరుడు అలా వచ్చిన బండి డిక్కీ మ్యాట్ ఎత్తితే నీళ్లు చెంబుతో తోడాల్సి వచ్చింది. ఆ నీళ్లలో ఎలక్ట్రానిక్ మాడ్యూల్ ఒకటి మునిగి ఉంది, దాని పిన్నుల మీద ఆకుపచ్చ చిలుము. కొత్తది, కోడింగ్‌తో కలిపి 90 వేలు దాటింది. మూసుకుపోయింది గొట్టం, శుభ్రం చేయడానికి పట్టేది అరగంట. నువ్వు ఏ బండి కొన్నా సరే, సన్‌రూఫ్ తెరిచి ముందు మూలల్లో గ్లాసుడు నీళ్లు పోయించు. చక్రాల వెనక నుంచి నీళ్లు ధారగా కారాలి. కారకపోతే కార్పెట్ ఎత్తించి చూడు.

నీళ్ల మాట వచ్చింది కాబట్టి మునిగిన బళ్ల సంగతీ చెప్పాలి. 2020 అక్టోబరులో హైదరాబాద్ మునిగింది, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో సగం ఊరు మునిగింది, అంతకుముందు 2015 డిసెంబరులో చెన్నై. అప్పుడు సెల్లార్లలో ఉన్న ఖరీదైన బళ్లు ఇన్సూరెన్స్ వాళ్లు టోటల్ లాస్ కట్టేసి వేలంలో అమ్మేశారు. కొన్నవాళ్లు కడిగి, ఆరబెట్టి, సీటు కవర్లు మార్చి మళ్లీ సంతలోకి తెస్తారు. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడు. కడిగేవాళ్లు అంత లోపలిదాకా కడగరు, చివరి జానెడులో బురద గీత కనిపిస్తుంది. సీటు కింది బోల్టుల తుప్పు చూడు. లోపల మరీ ఘాటుగా సెంటు వాసన వస్తుంటే ఏ వాసన కప్పిపుచ్చుతున్నారో ఆలోచించు.

మీటరు మీద 92 వేలు అన్నావు. ఢిల్లీలో పదకొండేళ్లు తిరిగిన డీజిల్ బండి, పైగా ఇద్దరు ఓనర్లు. అసాధ్యం కాదు, కానీ నేను మీటరును నమ్మను. డాష్‌బోర్డు మీద అంకెను తిప్పడం పది నిమిషాల పని. అయితే ఈ బళ్లలో కిలోమీటర్ల లెక్క వేరే మాడ్యూళ్లలో, తాళంలో కూడా నమోదవుతుంది, తిప్పేవాళ్లు అన్నింటినీ తిప్పరు. మంచి స్కానర్ పెట్టి చదివితే తేడా బయటపడుతుంది. కంపెనీ సర్వీస్ రికార్డులో చివరిసారి ఏ తేదీన ఎన్ని కిలోమీటర్లు రాశారో చూస్తే ఇంకా మంచిది. నా దగ్గరకు చెకింగ్‌కి వచ్చిన ఒక బండి మీటరులో 78 వేలు ఉంది, లోపలి మాడ్యూల్‌లో లక్షా 61 వేలు. కొనబోయేవాడు అడ్వాన్సు ఇచ్చేసి వచ్చాడు. అడ్వాన్సు ఇచ్చాక చెకింగ్ చేయించడమంటే బర్రె చెరువులో ఉండగానే బేరం కుదుర్చుకున్నట్టు.

ఇక ఢిల్లీ నంబరు. అక్కడ ఖరీదైన డీజిల్ బళ్లు ఎందుకంత చవకో తెలుసు కదా. పదేళ్లు దాటిన డీజిల్ బండి ఢిల్లీ పరిసరాల్లో తిరగకూడదని 2015లో గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కూడా కోర్టు ఉత్తర్వులు మారుతూ వస్తున్నాయి. అందుకని ముందు కేంద్ర ప్రభుత్వ పరివాహన్ సైట్‌లో ఆ నంబరు కొట్టి రిజిస్ట్రేషన్ యాక్టివ్‌గా ఉందో, రద్దయిందో చూడు. లోన్ ఉంటే తీరిందా, బండిని వేరే రాష్ట్రానికి మార్చడానికి అక్కడి ఆర్టీఓ ఇచ్చే ఎన్‌ఓసీ వస్తుందా తేల్చుకో. ఎన్‌ఓసీ తర్వాత ఇప్పిస్తా అనే మాట మీద డబ్బు ఇవ్వకు.

అన్నీ సవ్యంగా ఉన్నా ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. నీ లెక్కలో ఇది అసలు లేదు. వేరే రాష్ట్రం బండికి ఇక్కడ లైఫ్ ట్యాక్స్ నువ్వు కొన్న 8 లక్షల 75 వేల మీద వేయరు. బండి కొత్తప్పుడు ఉన్న ఇన్వాయిస్ ధర మీద, దాని వయసును బట్టి శాతం వేస్తారు. ఇన్వాయిస్ 45 లక్షలు అనుకుంటే ఒక్కో శాతానికి 45 వేలు. ఎంత శాతమో ఆర్టీఓ ఆఫీసులో రాతపూర్వకంగా కనుక్కున్నాకే బేరంలోకి దిగు. ట్యాక్స్ కట్టకుండా ఢిల్లీ నంబరుతోనే తిప్పేద్దామని కొందరు సలహా ఇస్తారు, వినకు. రాష్ట్రం మారాక పన్నెండు నెలలకు మించి పాత నంబరు మీద ఉంచకూడదని మోటారు వాహనాల చట్టమే చెబుతోంది, పట్టుకుంటే ట్యాక్సుతో పాటు పెనాల్టీ. ఇంకో మాట, ఆ బండికి 2029లో పదిహేనేళ్లు నిండుతాయి. అప్పుడు ఫిట్‌నెస్, రిజిస్ట్రేషన్ రెన్యువల్. ఫీజు పెద్ద బరువేం కాదు, కానీ అప్పటికి దాన్ని కొనేవాడు దొరకడు. ఇప్పుడు ఇస్తున్న ధరలో ఎంత తిరిగి వస్తుందని లెక్క వేసుకున్నావో, ఆ అంకెను సగం చేసుకో.

ఇన్సూరెన్స్ గురించి నువ్వు అసలు అడగలేదు, కానీ ఎక్కువ మంది దెబ్బతినేది దీని దగ్గరే. సామాను పాతదని కోత పెట్టకుండా క్లెయిమ్ ఇచ్చే జీరో డెప్ పాలసీ పాత బళ్లకు దొరకడం కష్టం. అది లేకుండా క్లెయిమ్ చేస్తే ప్లాస్టిక్, రబ్బరు సామానుకు సగం నీ జేబులోంచే, పదేళ్లు దాటిన బండికి ఇనుప సామానుకూ సగమే ఇస్తారు. ముందున్న ఆటో రివర్స్‌లో వచ్చి నీ హెడ్‌లైట్ పగలగొట్టిందనుకో. అడాప్టివ్ హెడ్‌లైట్ ఒక్కటే లక్షన్నర. అందులో 75 వేలు నువ్వు కట్టాలి, తప్పు ఎవరిదైనా. కొంచెం పెద్ద యాక్సిడెంట్ అయితే ఇంకో ప్రమాదం ఉంది. రిపేరు ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బండిని టోటల్ లాస్ కింద లెక్కకడతారు. ఐడీవీ 8 లక్షలు ఉంటే 6 లక్షల బిల్లు చాలు. ముందు భాగం గట్టిగా తగిలి రెండు ఎయిర్‌బ్యాగులు తెరుచుకుంటే 6 లక్షలు ఏ మూలకూ చాలవు. నీ లోన్ మాత్రం టోటల్ లాస్ అవ్వదు, దాని ఈఎంఐ నడుస్తూనే ఉంటుంది. అమ్మేవాడు నో క్లెయిమ్ బోనస్ ఉందని చెబితే పట్టించుకోకు, అది అతనితోనే పోతుంది. బండి నీ పేరుకు మారిన 14 రోజుల్లోగా పాలసీ కూడా నీ పేరుకు మార్పించుకో.

ఇక రూపాయల్లో లెక్కకు రానివి. ఒక సెన్సార్ కోసం మూడు వారాలు బండి లిఫ్టు పక్కన నిలబడి ఉన్న రోజులున్నాయి. ఆ మూడు వారాలు ఆఫీసుకు ఎలా వెళ్తావు? ఇంట్లో ఇది ఒక్కటే బండి అయితే ఈ ఆలోచన ఇప్పుడే మానుకో. నువ్వు నెలకు రెండుసార్లు గుంటూరు వెళ్తానన్నావు. దారిలో ఆగితే పక్క ఊరి మెకానిక్ బానెట్ ఎత్తి దించేస్తాడు, అతని తప్పు లేదు, అతని దగ్గర స్కానర్ లేదు. ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి విజయవాడకో హైదరాబాద్‌కో తేవాలి. తాడు కట్టి లాగించావంటే ఆటోమేటిక్ గేర్‌బాక్స్ కూడా పోతుంది. రన్‌ఫ్లాట్ టైర్లు కాబట్టి డిక్కీలో స్టెప్నీ ఉండకపోవచ్చు. పంక్చరైతే 80 వేగం దాటకుండా సుమారు 80 కిలోమీటర్లు వెళ్లొచ్చు, ఆ లోపు షాపు దొరకాలి.

ఇంత చెప్పాక, కొనాలనే ఉంటే నేను నా తమ్ముడికి ఎలా కొనిపిస్తానో అలా రాస్తాను.

తెలంగాణ లేదా ఆంధ్ర నంబరు బండే చూడు. ఒక్కడే ఓనరు, మొదటి రోజు నుంచి బిల్లుల ఫైలు ఉన్న బండి. దానికి రెండు, మూడు లక్షలు ఎక్కువ అడుగుతారు, బేరం చేయి, కానీ ఆ ఎక్కువ ఇవ్వడానికి వెనుకాడకు. ఆ ఫైలులో గేర్‌బాక్స్ ఆయిలు, ఆర్మ్‌లు, టైర్లు, బ్యాటరీ బిల్లులు ఉంటే ఇందాక చెప్పిన నాలుగు లక్షల్లో సగం ఇంకొకరు పెట్టేసినట్టే. చవక బండికి ఆ సొమ్ము నువ్వు తర్వాత కడతావు, ఖరీదు బండికి ముందే కడతావు, ముందే కడితే హైవే మీద ఆగిపోవు. పర్సనల్ లోన్ మీద మాత్రం కొనకు. బండి ధరలో సగం వేరే డిపాజిట్‌గా నీ పేరు మీద ఉండాలి, దాన్ని ముట్టుకునేది ఒక్క బండి కోసమే. అంత డబ్బు ఇప్పుడు లేకపోతే రెండేళ్లు ఆగు. ఈలోపు నీకు పెద్ద సెడాన్ సుఖమే కావాలంటే పాత క్యామ్రీ తోలి చూడు. ఆ బ్యాడ్జి ఉండదు, ఆ మలుపుల్లో సరదా ఉండదు, కానీ నా షెడ్డుకు అవి వచ్చేది ఎక్కువగా ఆయిల్ మార్చడానికే.

కొన్నాక ప్రతి పనికీ కంపెనీ సర్వీస్‌కే వెళ్లాలని లేదు. కంట్రోల్ ఆర్మ్‌లు లెంఫోర్డర్, షాకులు సాక్స్, ఫిల్టర్లు మాన్ లేదా మాహ్లే, ఇంజెక్టర్లు బాష్ అని అడుగు. కార్ల కంపెనీలకు సామాను సరఫరా చేసే పేర్లే అవి, కారు లోగో లేకుండా తక్కువకు దొరుకుతాయి. నకిలీలు కూడా ఉన్నాయి, కాబట్టి బిల్లు లేకుండా తీసుకోకు. ఒక పని మాత్రం తప్పకుండా కంపెనీలోనే చేయించు. లోపం ఉన్న బళ్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడాన్ని రీకాల్ అంటారు, ఛాసిస్ నంబరు ఇచ్చి అది పెండింగ్ ఏమైనా ఉందా అడుగు. బీఎండబ్ల్యూ డీజిళ్లలో ఇంజన్ పొగను చల్లబరిచే ఈజీఆర్ కూలర్ లీకై మంటలు వచ్చే ప్రమాదం ఉందని 2018 నుంచి చాలా దేశాల్లో రీకాల్ చేశారు. టకాటా అనే కంపెనీ చేసిన ఎయిర్‌బ్యాగుల రీకాల్ చాలా కంపెనీల బళ్లకు వర్తించింది. నీ బండి ఆ జాబితాలో ఉంటే పని ఉచితంగా చేస్తారు, ప్రాణాల మీదకు వచ్చే సంగతి కూడా.

చూడటానికి వెళ్లే రోజు అమ్మేవాడికి ముందే ఫోన్ చేసి, నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు, కడగొద్దు అని చెప్పు. పొద్దున ఆరున్నరకల్లా వెళ్లు. బానెట్ మీద చెయ్యి పెట్టి చూడు, వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడుగు. చైన్ చప్పుడు, ఇంజెక్టర్ తట్టుడు, తెల్ల పొగ, ఇవన్నీ చల్లని ఇంజన్ మొదటి నిమిషంలోనే దొరుకుతాయి. ఇంజన్ గది కడిగి మెరిపించి ఉంటే లీకులు కనిపించకుండా చేశారని అనుమానించు, దుమ్ము పట్టిన ఇంజన్ నాకిష్టం, అది ఏదీ దాచదు. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. నాలుగు టైర్లవీ చదువు. పక్క కిటికీ అద్దాల మీద తయారీ సంవత్సరాలు కూడా చూడు, ఒక్కటే వేరుగా ఉంటే ఆ వైపు ఏదో తగిలిందన్నమాట. రోడ్డు మీదకు తీసుకెళ్లి స్పీడ్ బ్రేకర్లన్నీ ఎక్కించు, మెత్తగా ట్రాఫిక్‌లో పావుగంట తోలు. రెండో గేరు నుంచి మొదటికి దిగేటప్పుడు వెనక నుంచి ఎవరో తట్టినట్టు అనిపిస్తే ఆ గేర్‌బాక్స్ వద్దు. ఏసీ ఫుల్ పెట్టి, అన్ని కిటికీలూ, సీటు మోటార్లూ ఆడించి చూడు.

ఆ తర్వాత లిఫ్టు ఎక్కించి, కింద లైటు వేసి, స్కాన్ రిపోర్టు కాగితం మీద తీయించు. దానికి మూడు, నాలుగు వేలు తీసుకుంటారు. అమ్మేవాడు దీనికి ఒప్పుకోకపోతే అక్కడి నుంచి లేచి వచ్చేయ్, ఇంకేమీ మాట్లాడకు. ఒప్పుకుంటే, అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ రిపోర్టులో ఉన్న ఫాల్ట్ కోడ్‌లన్నీ, మాడ్యూళ్లలో వచ్చిన కిలోమీటర్లు ఇక్కడ రాయి. ఒక్కొక్కటీ ఏంటో, దేనికెంత అవుతుందో నేను చెబుతాను.